మా అత్తమ్మ చూసిన బడి సంబంధం

మా ఊరి పిల్లలు పొలం గట్టు మీదుగా తండా బడికి నడిచి వెళ్తుంటే ఇప్పుడెవరూ తలతిప్పి చూడరు. చూసే రోజుల్లో చూశారు, అనేవాళ్లు అన్నారు. వాళ్లందరి మీదా గెలిచి కూర్చున్నాను కాబట్టి ఈ సంగతి తీరిగ్గా చెప్పుకుంటున్నాను. గెలిచింది నేనొక్కదాన్నే అంటే మా అత్తమ్మ ఊరుకోదు. నిజానికి అందులో పెద్ద వాటా ఆమెదే. ఆమెను కదిలించిన ఘనత మాత్రం నాది, అది ఎవరికీ ఇవ్వను.

నా పుట్టిల్లు జనగామ వైపు. భూపాలపల్లి దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. ఇంటర్ అయ్యాక కుట్టు నేర్చుకున్నాను. సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మా మహిళా సంఘానికి వస్తుంది. కొలతలు తీసుకోవడానికి మెడలో టేపు వేసుకుని బడి బడికీ తిరిగేది నేనే. అధికారి వస్తున్నాడంటే బడి వేరేగా ఉంటుంది. టైలరమ్మ వచ్చిందంటే ఎవరూ సర్దుకోరు. పిల్లల భుజాలు కొలుస్తూ నేను అన్నీ చూసేదాన్ని. ఎవరి చేతిలో పుస్తకం ఉంది, ఎవరి చేతిలో చీపురు ఉంది, పంతులు కూర్చున్నాడా, నిలబడ్డాడా, ఏదీ నా కన్ను దాటిపోయేది కాదు. తండా బడిలో ఒక బక్కపలచని పిల్ల టేపు మీద అంకెలు తనే చదివి, “గిది రాసుకో అక్కా” అని నాకే పని చెప్పింది. మిగతా బడుల్లో అంతవరకూ ఎవరూ నా టేపు వైపు కూడా చూడలేదు. ఆ రోజే నా మనసులో ఒక మాట పడింది.

అది మా బిడ్డకు ఐదేళ్లు నిండే ఏడాది. మా ఊళ్లో బడి లేదు. ఒకప్పుడు ఉండేది. ఒకరిని చూసి ఒకరు పిల్లల్ని వ్యానెక్కించి భూపాలపల్లిలోని ప్రైవేటు బడికి పంపారు. పంతులు మిగిలాడు గానీ పిల్లలు మిగల్లేదు. బడి మూతపడింది. ఇప్పుడు దాని వరండాలో మేకలు పడుకుంటాయి. మా బావగారి కొడుకు కూడా వ్యానులోనే పోతాడు. తెల్లారీ తెల్లారకముందే హారన్ కొడితే, సగం నిద్రలో ఉన్న పిల్లాడి నోట్లో ఇంత బువ్వ కుక్కి, మెడకు టై బిగించి ఎక్కిస్తారు. ఆ టై చూసి మా అత్తమ్మ మురిసిపోయేది. మా బిడ్డకూ అదే రాసిపెట్టి ఉందని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు. అడగకపోవడం చూసి నాకు ఒళ్లు మండింది.

సర్కారు బడికి పంపిస్తానని నేను అన్న రోజు మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. నలుగురు ఏమంటారన్నాడు. ఆ నలుగురి పేర్లు చెప్పమన్నాను. చెయ్యి కడుక్కున్నాడు. తండా బడి అని ఇంకా నోరెత్తనేలేదు. ఎత్తితే ఏమయ్యేదో నాకు తెలుసు. పొలం పనికి తండా మనుషులు కావాలి, ఓట్లప్పుడు తండా కావాలి. మన పిల్ల వాళ్ల పిల్లల పక్కన కూర్చోవడం మాత్రం మా ఇళ్లలో ఎవరి ఊహకూ అందదు.

మా అత్తమ్మకు చదువు రాదు గానీ, మండలంలో ఆమె చెప్పిన సంబంధం అంటే కళ్లు మూసుకుని పిల్లనిస్తారు. ఆమె కుదిర్చిన పెళ్లి చెడిపోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో ఘనపూర్ నుంచి ఒకావిడ తన బిడ్డ సంబంధం గురించి అడగడానికి వచ్చింది. ఇల్లు చూడడానికి ఎప్పుడొస్తామో కబురు పంపమంటారా అని అడిగింది. మా అత్తమ్మ కసురుకుంది.

“చెప్పి పోతె ఇల్లు కనవడదు, గోడకేసిన సున్నం కనవడతది. చెప్పకుండ పోవాలె. నచ్చకపోతె చాయి నీళ్లు గూడ ముట్టొద్దు. నచ్చితేనే కూసోని బువ్వ తినాలె.”

నేను మిషన్ మీద జాకెట్ కుడుతూ విన్నాను. దారం తెగ్గొట్టి లేచాను. ఆ ఘనపూర్ ఆవిడ వెళ్లిపోగానే అత్తమ్మ పక్కన కూర్చుని, మండలమంతా మీ మాట మీద పిల్లల్ని ఇస్తుంటే సొంత మనవరాలిని చూడకుండా వ్యానుకు ఎట్లా ఇస్తున్నారని అడిగాను. ఆమె నా వైపు అనుమానంగా చూసింది. నా ఎత్తు ఆమెకు అర్థమైందని నాకు అర్థమైంది. అయినా పొగడ్తకు లొంగని మనిషి ఎవరు? బడి చూడబోవడమంటే ఆమెకు కొత్త పని, అదీ తను మాత్రమే చేయగల పని. సరే చూద్దామంది. ఒక షరతు పెట్టింది. నా కన్ను ఎటు ఉందో ఎట్లా పసిగట్టిందో గానీ, తండా సంగతి ఎత్తొద్దంది. నేను అప్పటికి తలూపాను.

అది ఒంటిపూట బడుల కాలం. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయి, ఊరంతా తుమ్ములే. పొద్దున్నే బయలుదేరి మొదట మండలంలోని పెద్ద బడికి పోయాం. గోడల నిండా బొమ్మలు, గేటు, గేటు పక్కన పూలకుండీలు. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టి ఫ్యాను కింద కుర్చీలు వేశారు, కూల్‌డ్రింకు తెప్పించారు. మాతో మాట్లాడడానికి టీచర్లందరూ వచ్చేశారు. తరగతుల్లో పిల్లలు వాళ్ల మానాన వాళ్లున్నారు. అత్తమ్మ కూల్‌డ్రింకు ముట్టలేదు. మరుగుదొడ్డి చూస్తానంది. దాని తాళంచెవి ఎక్కడుందో కాసేపు వెతికారు.

అప్పుడామె ఒక పని చేసింది. ముందే అనుకుని వచ్చిందో, అక్కడికక్కడే తోచిందో ఇప్పటికీ చెప్పదు. ఒక పిల్లను బయటికి పంపించింది. ఇంకో పిల్లను దగ్గరికి పిలిచి చెవిలో ఒక మాట చెప్పి, పలక మీద రాయమంది. బయటి పిల్లను లోపలికి పిలిపించి ఆ పలక చదవమంది. చదివింది తను చెవిలో చెప్పిన మాటే అయితే అక్కడ చదువున్నట్టు. చదువు రాని మనిషి చదువును ఇంకెలా కొలుస్తుంది? నాకు భలే నచ్చింది.

ఆ రోజు ఆమె చెప్పిన మాట, “మా బర్రె తాడు తెంపుకొని మక్కచేన్ల పడ్డది.” రాసే పిల్ల టీచరు ముఖం చూసింది. టీచరు పుస్తకంలోది ఏదైనా అడగమని నవ్వుతూ అంది. బర్రె పుస్తకం అడిగి తాడు తెంపుకుంటదా అని అత్తమ్మ కూడా నవ్వుతూనే అంది. పలక మీద బర్రె వరకే వచ్చింది. మిగిలింది రాలేదు.

రెండోది రోడ్డు పక్క ఊరి బడి. అక్కడి పంతులు మంచివాడు, అది కొలతలకు పోయినప్పుడే నాకు తెలుసు. అయిదు తరగతులకూ ఆయనొక్కడే. మేం పోయిన రోజు మీటింగుకు రమ్మని కబురొచ్చి, ఆయన బండి స్టార్టు చేస్తున్నాడు. మమ్మల్ని చూసి పాపం బండి ఆపి దిగాడు. పిల్లలు సగం మాట రాశారు, సగం చదివారు. ఆయన ముఖం చిన్నబోయింది. తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మ, పిల్లగాడు మంచోడే గని ఇంటి భారమంతా ఒక్కని మీదనే పడ్డదని జాలిపడింది. జాలిపడి సంబంధం ఇవ్వలేం కదా అని కూడా అంది.

ఆ సాయంత్రం మనవణ్ని ఆమె కల్లం దగ్గరికి తీసుకుపోవడం మిషన్ దగ్గర్నుంచి చూశాను. వాడి వ్యానులోనే పోయే పక్కింటి పిల్లాడు కూడా వాళ్లతో ఉన్నాడు. ఏం చేస్తుందో తెలిసిపోయింది. నేను వెళ్లలేదు. వెళ్లి చూడాలని మాత్రం ప్రాణం కొట్టుకుంది. కాసేపటికి మా బావగారి కొడుకు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. వాడికి ఇంగ్లీషు పాటలు బోలెడు వచ్చు, లెక్కలు పైకి చెప్తాడు, తెలివైన పిల్లాడే. తన నానమ్మ చెప్పిన ఒక్క మాట కాగితం మీద పెట్టడం ఎవరూ నేర్పలేదు. అత్తమ్మ వాడి చేతిలో బెల్లం ముక్క పెట్టి, ఎవరికీ చెప్పనులే అంది. చెప్పలేదు కూడా. ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు.

తెల్లారి నేను వాకిలి ఊడుస్తుంటే వెనక నుంచి వచ్చి నిలబడింది.

“పా, తండాకు పోదాం. చూస్తె పోయేదేమున్నది.”

చీపురు ఎక్కడ పడేశానో నాకే గుర్తులేదు.

తండా మా పొలాల చివర, కాలవ దాటితే వస్తుంది. బడి అంటే రెండు గదులు, ముందు రేకుల పందిరి. అక్కడి సారు కాటారం వైపు నుంచి వచ్చిన కుర్రవాడు, ఇంకా పెళ్లి కాలేదు. మమ్మల్ని చూడగానే అతను గబగబా చొక్కా సర్దుకున్నాడు. ఎందుకు సర్దుకున్నాడో నాకు ఆ క్షణంలో తట్టలేదు. అత్తమ్మ గది మధ్యలో నిలబడి, పైకప్పు నుంచి కింది దాకా చూసి, అలవాటైన ధోరణిలో మొదలుపెట్టింది. ఏ ఊరు, తల్లిదండ్రులున్నారా, అన్నదమ్ములెందరు, తాగుడు గీగుడు ఉన్నదా, ఈ ఊరు విడిచి పోయే ఆలోచన ఏమైనా ఉన్నదా? అతను చేతులు కట్టుకుని, ఒక్కొక్కదానికీ సిగ్గుపడుతూ జవాబు చెప్తున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. పెళ్లిళ్ల పెద్దమ్మ చెప్పకుండా వచ్చి, కులగోత్రాలు తప్ప అన్నీ అడుగుతుంటే పెళ్లికాని పిల్లవాడు ఇంకేమనుకుంటాడు!

చెప్పి ఆపొచ్చు. నేను ఆపలేదు. అంత మంచి వేడుక చేతులారా పాడుచేసే మనిషిని కాదు నేను.

ఇంతలో తండాలో కబురు పాకింది. గోడ పక్కన ఆడవాళ్లు చేరారు. ఎవరింట్లోంచో కుర్చీ వచ్చింది, స్టీలు గ్లాసులో చాయి వచ్చింది. అత్తమ్మ చాయి ముట్టకపోయేసరికి సారు ముఖం వాడిపోయింది. మధ్యాహ్న భోజనం వండే అక్క గరిటె పట్టుకుని పందిరి కింది నుంచే, మా సారు బంగారమని సిఫారసు చేసింది. సారు ధైర్యం తెచ్చుకుని, తల వంచుకుని అడిగాడు.

“పిల్ల ఏం చదివిందమ్మా?”

“ఇంకేం చదువు బిడ్డా,” అంది అత్తమ్మ, “అంగన్‌వాడికి పోతున్నది.”

ముందు నవ్వింది వంట చేసే అక్క. తర్వాత గోడ పక్కన ఆడవాళ్లు, తర్వాత ఏమీ అర్థం కాకపోయినా పిల్లలు. సంగతి తెలిశాక అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. సారు చెవులు ఎర్రబడ్డాయి గానీ అతనూ నవ్వాడు. ఆ నవ్వుతో మా మధ్య ఏదో కరిగింది. మేం పెద్దింటివాళ్లం, వాళ్లు తండావాళ్లు అనే బిగింపు అంతగా వదిలిపోవడం నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత సారు తన పని తను చేసుకున్నాడు. ఆ బడిలో పొద్దున్నే ఒక అలవాటు ఉంది. పిల్లలు నిన్న ఏం జరిగిందో ముందు వాళ్ల ఇంటి భాషలో చెప్తారు. పెద్ద పిల్లలు దాన్ని తెలుగులో చెప్తారు. ఎవరైనా ఒకరు లేచి బోర్డు మీద రాస్తారు, అందరూ చదువుతారు. మేకకు పిల్ల పుట్టింది, మా బాపు పట్నం నుంచి ఫోన్ చేసిండు, ఇట్లాంటివి. వాళ్ల చదువు వాళ్ల ఇంట్లోంచే మొదలవుతుంది. కొలతలు తీసుకునేటప్పుడు నేను దీన్ని చూసి, ఇది ఎవరూ నాకు నేర్పలేదే అని అసూయపడ్డాను.

అత్తమ్మ పరీక్షకు వేళైంది. ఒక పిల్ల బయటికి పోయింది. ఇంకో పిల్ల చెవిలో అత్తమ్మ ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. ఆ పిల్ల కింద కూర్చుని, నాలుక కొస బయటపెట్టి, చకచకా రాసింది. బయటి పిల్ల వచ్చి పలక అందుకుని ఒకసారి మనసులో చదువుకుంది. చదువుకుని అత్తమ్మ వైపు చూసి నవ్వింది. అప్పుడు పైకి చదివింది.

“నా కోడలికి నోరెక్కువ, గని మాట నిజమే ఉంటది.”

నేను గోడకు ఆనుకున్నాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో నన్ను గురించి అంత మంచి మాట ఎవరూ అనలేదు. అది తండా పిల్ల నోట వినాల్సి వచ్చింది. ఏడ్చాను. సిగ్గేమీ లేదు, సంతోషంతో ఏడ్చాను. అత్తమ్మ నా వైపు చూడనట్టే ఉంది.

అన్నం వేళ అయింది. పిల్లలు పందిరి కింద వరుసగా కూర్చున్నారు. వంట చేసే అక్క మా ముందుకొచ్చి నిలబడింది. నవ్వు లేదిప్పుడు.

“పటేలమ్మా, మీ పిల్ల వస్తె మా పిల్లల పక్కన కూసుంటదా, ఏరుగ కూసుంటదా? గది జెప్పు ముందు. ఏరుగ కూసునేదుంటె తోలకున్రి.”

అడగాల్సిన మాటే అది. అత్తమ్మ చెప్పులు పక్కకు విడిచి, ఆ వరుసలో ఇద్దరు పిల్లల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. పళ్లెం ఇటివ్వమంది. అన్నం, పప్పు, గుడ్డు. పిల్లలతోపాటే తింది. రెండోసారి పప్పు అడిగి వేయించుకుంది. సంబంధం కుదిరిపోయింది.

పళ్లెం కడుగుతున్నప్పుడు సారు అసలు కష్టం చెప్పాడు. పనులకు పట్నం పోయిన కుటుంబాలు పిల్లల్ని కూడా తీసుకుపోవడంతో బడిలో సంఖ్య తగ్గింది. బడులు తెరిచేనాటికి పిల్లలు పెరగకపోతే ఈ బడిని పెద్ద బడిలో కలిపేస్తారట. అప్పుడు తండా పిల్లలు లారీలు తిరిగే రోడ్డు దాటి పోవాలి. చిన్నవాళ్లు పోరు, మానేస్తారు. మా బిడ్డ ఒక్కతి చేరితే ఆగేది కాదది.

ఇంట్లో ఆ రాత్రి పెద్ద రభసే అయింది. మా బావగారు తండా అనే మాటను వంద రకాలుగా పలికారు. మా ఆయన ఎటువైపో తేల్చుకోలేక నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాడు. అందరూ అరిచి అలసిపోయాక అత్తమ్మ, తాను అక్కడ కూర్చుని తిని వచ్చానని ఒక్క మాట చెప్పింది. ఆమె తిన్నదంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన చెంబు దించాడు. బిడ్డను మొదటి రోజు తనే దించి వస్తానన్నాడు. నాకు ఆ మనిషి మీద చాలా రోజుల తర్వాత ప్రేమ పుట్టింది.

మిగతా ఊరి పని నాది. బడిలో చేర్పించండని ఇంటింటికీ తిరిగి బతిమాలితే వింటారా? నేను బతిమాలలేదు. టేపు మెడలో వేసుకుని వెళ్లి, తండా బడి యూనిఫాంకు మీ పిల్ల కొలతలివ్వండి అన్నాను, అంతా ఎప్పుడో ఖాయమైపోయినట్టు. వెనకే అత్తమ్మ వచ్చేది. తల్లులు ఆమెను ఒకే ప్రశ్న అడిగేవాళ్లు, నువ్వు చూసినవా అత్తా అని. చూసినా, తిన్నా అనేది. పిల్ల అరుగు మీద నిలబడేది, నేను భుజం మీద టేపు పెట్టేదాన్ని. ఒకసారి కొలిచిన పిల్లను వెనక్కి తీసుకోవడం ఎవరికైనా మొహమాటమే. కొందరు తలుపులేసుకున్నారు. వాళ్ల తలుపు నేను మళ్లీ మర్నాడు తట్టాను. ఎండలు ముదిరేసరికి నా మిషన్ పక్కన కత్తిరించిన గుడ్డ కుప్పలుగా పేరుకుపోయింది. తండాలో కూడా ఆ అక్క ఊరుకోలేదు. పట్నం పోయినవాళ్లకు ఫోన్లు చేసి, పిల్లలనన్నా ఇక్కడ ముసలివాళ్ల దగ్గర ఉంచమని తిట్టి మరీ రప్పించింది.

జూన్‌లో బడి తెరిచిన రోజు వాన పడి గట్టంతా జారుడుగా ఉంది. పిల్లలు చెప్పులు చేతబట్టుకుని ఒకరి వెనక ఒకరు నడిచారు. ముందు మా ఆయన, ఆయన భుజం మీద మా బిడ్డ. వ్యాను ఊరి మధ్యలో నిలబడి చాలాసేపు హారన్ కొట్టింది. ఆ హారన్ వింటూ నడవడం ఎంత హాయిగా ఉందో నేను రాయలేను.

కొన్నాళ్లకు విద్యాశాఖ అధికారి వచ్చాడు. బడిని ఉంచాలా, కలపాలా తేల్చడానికే వచ్చాడని సారు ముందురోజే చెప్పడంతో మేమంతా పందిరి కింద చేరాం. ఊరి ఆడవాళ్లం, తండా ఆడవాళ్లం ఒక్క దగ్గరే కూర్చున్నాం. సారు చేతులు తుడుచుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. అధికారి లోపలికి వెళ్లి చూశాడు. గదులు రెండూ నిండి పిల్లలు వరండాలోకి వచ్చేశారు. ఒకే గుడ్డ, ఒకే కుట్టు, అందరికీ నూనె పెట్టి దువ్విన తలలే. ఎవరు ఎక్కడివాళ్లో ఆయనకు తెలియలేదు. ఊరి నుంచి ఎందరు వస్తున్నారో విడిగా లెక్క కావాలన్నాడు. పిల్లల వైపు తిరిగాడు.

“తండా పిల్లలు చేతులెత్తండి.”

అన్ని చేతులూ లేచాయి. తండా పిల్లలవి లేచాయి, మా ఊరి పిల్లలవీ లేచాయి. మొదటి వరుసలో మా బిడ్డ మోకాళ్ల మీద లేచి రెండు చేతులూ ఎత్తింది. అధికారి సారు వైపు చూశాడు. సారు మా వైపు చూశాడు. పిల్లల దృష్టిలో అది తండా బడి, అందులో చదివేవాళ్లు తండా పిల్లలు, అంతే. అక్కడున్న మా ఊరి తల్లుల్లో ఎవరో ఒకరు, నువ్వు కాదు దించు అంటారేమోనని నేను ఒక్కొక్కరి ముఖం చూశాను. వంట చేసే అక్క కూడా గరిటె పక్కన పెట్టి మా ముఖాలే చూస్తోంది. మా అత్తమ్మ మనవరాలి చేతుల వైపు చూస్తూ కూర్చుంది. దించమని అనలేదు. ఎవరూ అనలేదు. అధికారి నవ్వి, విడి లెక్క మానేసి, అన్ని తలలనూ ఒకే లెక్కలో రాసుకుని, ఇంతమందికి ఒక్క సారు చాలడు, ఇంకో టీచరును పంపిస్తానని చెప్పి వెళ్లాడు.